చేపపిల్లల నోటి తెగులు: చెరువు గట్టు మీదే చేయవలసిన చికిత్స

ఈశాన్య రుతుపవనాల వానలే ఆధారమైన ఉదయగిరి చెరువుల్లోనూ, సోమశిల కాలువల నీరందే ఆత్మకూరు వైపు పల్లెల్లోనూ బొచ్చె, శీలావతి, మోసు పిల్లలను వదిలే ఈ రోజుల్లో పెంపకందారులు ముందుగా చూడవలసినది పిల్లల నోరు. అక్వేరియం చేపలు పెంచేవారు నోటి బూజు అని పిలిచే కాలమ్నారిస్ జబ్బు చెరువు పిల్లలకూ సోకుతుంది. పేరులో బూజు ఉన్నా దీనికి కారణం ఫ్లావోబ్యాక్టీరియం కాలమ్నారే అనే బ్యాక్టీరియా. 1922లో అమెరికాలోని మిసిసిపీ నది చేపల్లో దీనిని వర్ణించిన డేవిస్, సూక్ష్మదర్శిని కింద ఈ సన్నని కణాలు గుంపులుగా చేరి స్తంభాల్లా నిలవడం చూసి ఆ పేరు పెట్టాడు.

నిజమైన బూజు తెల్లని పొడవాటి పోగులై నీటిలో ఊగుతుంది. కాలమ్నారిస్ అలా కాదు. తడి అరచేతిలో పిల్లను పట్టి చూస్తే మొదట పెదవి అంచు పాలిపోయి, తర్వాత పసుపు కలిసిన బూడిదరంగు పొర జిగటగా అంటుకుని కనిపిస్తుంది. ముదిరితే పెదవి తినుకుపోయి, చేప మేత మానేస్తుంది. మొప్పలకు పాకితే వెచ్చని నీటిలో ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీస్తుంది.

ఈ బ్యాక్టీరియా సాధారణంగా నీటిలో ఉండేదే అయినా, వల రాపిడికి జిగురుపొర చెదిరి, రవాణా సంచిలో కిక్కిరిసి అలసిపోయిన పిల్లమీద సులువుగా పట్టు సాధిస్తుంది. చెరువులో వదిలాక మందు వేద్దామనుకోవడం లెక్కకు నిలవదు. పొటాషియం పర్మాంగనేటును ఘనపు మీటరుకు 2 గ్రాముల చొప్పున వాడాలంటే, మీటరు లోతున్న 20 ఎకరాల చెరువుకు దాదాపు 160 కిలోలు కావాలి, పైగా నీటిలోని బురద, నాచు అందులో చాలా భాగాన్ని హరిస్తాయి.

అందువల్ల గట్టు మీద గడిపే అరగంటే అసలైన చికిత్స. సంచులను విప్పకుండా 15 నుంచి 20 నిమిషాలు చెరువు నీటిపై తేలనిచ్చి వేడి సమం చేసుకుని, కొద్దికొద్దిగా చెరువు నీరు కలిపి, ఆపైన 10 లీటర్ల నీటికి 200 గ్రాముల కల్లుప్పు కరిగించిన తొట్టిలో రెండు మూడు నిమిషాలు మాత్రమే ముంచి వదలాలి. పిల్లలు పక్కకు ఒరిగితే వెంటనే తీసేయాలి. నోటి పొర ఉన్న పిల్లలను చెరువులోకి దించకూడదు.

అక్వేరియంలో జబ్బుపడ్డ చేపను వేరే తొట్టిలో ఉంచి, లీటరుకు 1 నుంచి 3 గ్రాముల ఉప్పు వేసి, రోజూ కొంత నీరు మార్చడం మేలు. అయితే అక్వేరియం మందులను తినే చేపల చెరువులో పోయరాదు, ఎందుకంటే వాటిలో కొన్నింటిలో ఉండే నైట్రోఫ్యూరాన్‌లు ఆహారపు చేపల పెంపకంలో నిషిద్ధం. యాంటీబయాటిక్ అయిన ఆక్సీటెట్రాసైక్లిన్‌ను మేతలో కలిపి ఇవ్వడమైనా మత్స్యశాఖ అధికారి సలహాతోనే, అదీ చేపలు ఇంకా మేత ముడుతున్న తొలి దశలోనే సాగించాలి.