రెండో సూది మానకండి



“మొదటి సూదికే బిడ్డకు జ్వరం వచ్చి రాత్రంతా ఏడ్చింది సిస్టర్, ఇంక వేయించలేదు.” ఈ మాట పిల్లల వార్డులో నేను ఎన్నోసార్లు విన్నాను. ఒకసారి ఈ మాట అన్న నాయనమ్మ ఒడిలో నాలుగు నెలల పాప ఉంది. కోరింత దగ్గు. దగ్గి దగ్గి పెదవులు నీలంగా మారుతున్నాయి, పాలు తాగలేకపోతోంది. చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉండి, దేవుని దయవలన బ్రతికింది. పెద్ద పిల్లలకు ఈ దగ్గులో కూత వినిపిస్తుంది. పసిబిడ్డకు కూత రాకపోవచ్చు, ఊపిరే కాసేపు ఆగిపోవచ్చు.

6, 10, 14 వారాలకు తొడకు వేసే పెంటావాలెంట్ టీకా ఈ దగ్గునే కాక కంఠసర్పిని, ధనుర్వాతాన్ని, హెపటైటిస్-బి కామెర్లను, న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే హిబ్ క్రిమిని కూడా అడ్డుకుంటుంది. అయితే ఒక్క సూదితో వచ్చే రక్షణ చాలా తక్కువ. మూడూ పడితేనే బిడ్డకు తగినంత బలం వస్తుంది.

సూది తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, కాస్త వాపు మామూలే. పారాసెటమాల్ చుక్కలు బిడ్డ బరువును బట్టి సిస్టర్ చెప్పినంతే వేయండి. పాలు మానిపించకండి. సూది చోట రుద్దకండి, పసుపు, సున్నం పూయకండి. ఫిట్స్ వచ్చినా, మూడు గంటలు దాటి ఆగకుండా ఏడ్చినా, బిడ్డ వాలిపోయినా మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. తర్వాతి సూదికి ముందు ఆ సంగతి తప్పక చెప్పండి.

కొంచెం జలుబు ఉందని టీకా వాయిదా వేయనక్కర్లేదు. గడువు దాటిపోయిందా? ఆగినచోటి నుంచే వేస్తాం, మళ్ళీ మొదటి నుంచి కాదు. తిడతారేమోనని రాకుండా ఉండకండి. మాలో కొందరం కసురుకునే మాట నిజమే, అయినా రండి.

తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రూబెల్లా టీకా వేయించాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ అప్పటికి తగ్గిపోతుంది.

మన దగ్గర సూదులు ఎక్కువగా తప్పిపోయేది పుట్టింటికీ అత్తింటికీ మధ్యన. పుట్టింట్లో కాన్పై, మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తింటికి వెళ్ళేటప్పుడు చీరలు, ఉయ్యాల అన్నీ సర్దుతారు, టీకాల కార్డు మాత్రం బీరువాలో ఉండిపోతుంది. ఆ కార్డు బిడ్డ బట్టల సంచిలోనే పెట్టండి. ఏ ఊళ్ళో ఉన్నా ఏ.ఎన్.ఎం. గారికి చూపిస్తే మిగిలిన సూదులు ఉచితంగా వేస్తారు.