చెత్తబండి ఏ వీధికి రావాలి?

పిల్లలూ! వారంలో ఒకరోజు మీ ఇంటి ముందుకు చెత్తలారీ వస్తుంది గదా. దాని మోత వినగానే ఇంట్లో ఎవరో ఒకరు "కామియోన్ సాల్తే వచ్చింది, బుట్ట బయట పెట్టు" అని కేక వేస్తారు. తెలుగులో దీనిని చెత్తబండి అనవచ్చు. చెత్తకు మన భాషలో పేర్లు చాలా ఉన్నాయి. ఇల్లు ఊడ్చగా వచ్చినదానిని రాయలసీమలో కసువు అంటారు. పశువుల కొట్టం నుండి తీసి పోగువేసినది పెంట. ఆ పోగు పెంటకుప్ప. ఈ మాట వినగానే మీరు ముక్కు మూసుకుంటారేమో! కాని రైతుకు పెంట అంటే ఎరువు. అది బండికెక్కి పొలానికి పోయేది. పూర్వం పల్లెటూరిలో ఊరికి బరువైన చెత్త చాలా తక్కువ.

నేటి మన బుట్ట వేరు. అరటితొక్క, ప్లాస్టిక్ సీసా, పాత చెప్పు అన్నీ ఒకే సంచిలో పడతాయి. దానిని ఎవరో వచ్చి తీసుకొనిపోవాలి. ఆ ఎవరో ఎవరు?

మారిషస్ దీవిలో 5 పట్టణాలకు మునిసిపల్ కౌన్సిళ్ళు ఉన్నాయి. గ్రామాలు 7 డిస్ట్రిక్టు కౌన్సిళ్ళ కింద ఉన్నాయి. ప్రతి గ్రామానికి ఒక విలేజ్ కౌన్సిలు ఉంటుంది. ఈ పాఠంలో దానిని గ్రామ సంఘం అందాము. 2020 నవంబరు 22న గ్రామాల ఎన్నికలు జరిగినపుడు గ్రామాలు 130. ఒక్కొక్క సంఘానికి సభ్యులు 9 మంది. ఆ 9 మంది తమలో ఒకరిని అధ్యక్షునిగా ఎన్నుకుంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాలలో అలా కాదు. అక్కడ సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు.

ఒక సంగతి బాగా గుర్తుంచుకోండి. చెత్తలారీని నడిపించేది డిస్ట్రిక్టు కౌన్సిలు; గ్రామ సంఘం కాదు. డిస్ట్రిక్టు కౌన్సిలుకు డబ్బు ఎక్కువగా ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు వల్ల వస్తుంది. దుకాణాలవారు కట్టే వ్యాపార రుసుము కూడా అందులో కలుస్తుంది. గ్రామ సంఘం చేతిలో ఉండే సొమ్ము కొద్దిపాటిది. హాలు బాగుచేయడం వంటి చిన్న పనులకే అది సరిపోతుంది. మన లారీ సరిగా రాకపోతే సంఘం చేయగలిగినది, పైవారికి గట్టిగా చెప్పడం.

ఇప్పుడు ఒక ఊరిని ఊహించుకుందాము. దానికి పేరు పెట్టను. పెడితే ఆ ఊరి పిల్లలు "మా ఊరు అలా లేదు, టీచర్" అంటారు.

ఆ ఊరి మధ్య పెద్ద రోడ్డు, రోడ్డు మీద దుకాణాలు, విలేజ్ హాలు. ఒక పక్క కొత్తగా ఇళ్ళు కట్టుకున్న మోర్సెల్మాఁ. అక్కడ దారులు వెడల్పుగా ఉంటాయి. రెండవ పక్క తాతల కాలంనాటి ఇరుకు సందు. సందులో 20 ఇళ్ళు. లారీ మోర్సెల్మాఁలో ప్రతి గేటు ముందు ఆగుతుంది. సందు వంకరగా ఉండడం వల్ల లోపలికి తిరగలేదు, మొదట్లోనే ఆగిపోతుంది. కనుక 20 ఇళ్ళవారూ సంచులు మోసుకొనివచ్చి మూలమీద పెడతారు. రాత్రి కుక్కలు వాటిని చింపుతాయి. వాన కురిస్తే ఆ చెత్త కాలువలోకి పోయి అడ్డుపడుతుంది. అప్పుడు నీరు ఇళ్ళలోకి వస్తుంది.

ఆ ఊరి హాలుకూ జబ్బు చేసింది. కప్పు కారుతున్నది. అక్కడ ఆడవాళ్ళు కుట్టుపని నేర్చుకుంటారు, ముసలివాళ్ళు సాయంకాలం డొమినో ఆడుకుంటారు. తుఫాను హెచ్చరిక వచ్చినపుడు రేకుల ఇళ్ళవారు తలదాచుకొనేదీ అక్కడే. 1960లో కెరోల్ తుఫాను, 1975లో జెర్వేజ్ తుఫాను ఈ దీవిని ఎట్లా కొట్టాయో మీ ఇంట్లో పెద్దవారుంటే అడగండి. గట్టి కప్పు విలువ వారే చెబుతారు.

ఈ ఏడు సంఘం దగ్గర ఉన్న సొమ్ము ఒక పనికి మాత్రమే చాలుతుంది. సమావేశం హాలులోనే జరిగింది. కప్పు కింద మూడు బకెట్లు పెట్టారు.

మొదట ఒక సభ్యుడు లేచి, "హాలు అందరిదీ. సందు 20 ఇళ్ళది. సొమ్ము అందరికీ పనికివచ్చేదానికే వెచ్చించాలి" అన్నాడు. చాలామంది తలలూపారు.

దుకాణం నడిపే సభ్యుడు, "వ్యాపార రుసుము కట్టేవాళ్ళం మేము. మా చెత్త కూడా ఎక్కువ. మా దగ్గరికి లారీ వారానికి రెండుసార్లు రావాలి" అన్నాడు. ఈ మాట స్వార్థంగా వినబడుతుంది. కాని అందులో కొంత న్యాయం లేకపోలేదు. కూరగాయల దుకాణం ముందు వారంరోజులు కుళ్ళు పేరుకుంటే ఊరంతటికీ ఈగలు.

అప్పుడు సందు మూలమీది ఇంటి అవ్వ చేయి ఎత్తింది. ఆమె సభ్యురాలు కాదు. అధ్యక్షుడు, "చెప్పండి అవ్వా" అన్నాడు.

"నాయనా, చెత్త అందరిదీ. వాసన మాత్రం నాదా?" అని అడిగి అవ్వ కూర్చున్నది.

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. బకెట్లో చినుకులు పడే చప్పుడు వినిపించింది.

తరువాత ఒక సభ్యురాలు కాగితం తీసింది. ఆమె అంతకుముందు నెలరోజులు లారీ ఏ వీధికి ఏ రోజు వచ్చినదీ రాసిపెట్టింది. మోర్సెల్మాఁకు 4 సార్లు వచ్చింది. సందు మొదటికి 2 సార్లు. సందు చివరి ఇంటినుండి మూలవరకు 180 అడుగులు. ఆ ఇంట్లో ఉండేది కర్రపట్టుకొని నడిచే తాత ఒక్కడే. నన్ను అడిగితే ఆ సమావేశంలో అందరికన్న బాగా మాట్లాడినది ఆ కాగితమే. అంతవరకు "మాకు సరిగా రాదు, మీకు బాగా వస్తుంది" అని అరుచుకున్నవారు లెక్క చూసి నెమ్మదించారు.

చివరకు ఓట్లు వేశారు. 5 మంది ఒక పక్క, 4 గురు ఒక పక్క. హాలు కప్పులో కారేచోట్లు మాత్రం బాగుచేస్తారు. రంగులు, కొత్త వేదిక వచ్చే ఏటికి. మిగిలిన సొమ్ముతో మూతలున్న చెత్తతొట్టెలకు సిమెంటు గట్టు కడతారు. సందులోకి తిరగగల చిన్న లారీని పంపమని, ఆ నెలరోజుల లెక్కను జతచేసి డిస్ట్రిక్టు కౌన్సిలుకు ఉత్తరం రాస్తారు.

అయితే గట్టు ఎక్కడ కట్టాలి? తమ గోడ పక్కన కట్టమన్నవారు ఒక్కరూ లేరు. అవ్వ గోడ పక్కన మళ్ళీ కట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. హాలు వెనుక ఖాళీస్థలం ఉన్నది. కుట్టుపని నేర్చుకొనే స్త్రీలు ఒప్పుకోలేదు. తొట్టెలను వారానికి ఒకసారి కడిగిస్తామని సంఘం మాట ఇచ్చిన తరువాతనే, అదీ ఆరు నెలలకు మాత్రమే, సరే అన్నారు.

పిల్లలూ, లారీ ఆ చెత్తను ఎక్కడికి తీసుకొనిపోతుందో తెలుసునా? దీవిలో కొన్నిచోట్ల చెత్తను పెద్ద లారీలకు మార్చే కేంద్రాలు ఉన్నాయి. పూద్ర్ దోర్, రోష్ బ్వా అటువంటివి. అక్కడనుండి గ్రాఁ పోర్ జిల్లాలోని మార్ షికోజ్‌కు పోతుంది. 1997లో అక్కడ చెత్తను పూడ్చే స్థలం మొదలైనది. దీవి మొత్తం చెత్త, ఏటా సుమారు 5 లక్షల టన్నులు, చేరుతూ వచ్చినది ఆ ఒక్కచోటికే. దాని పక్కన కాపురమున్న కుటుంబాలు ఇళ్ళు విడిచి వేరేచోటికి తరలవలసివచ్చింది. 2022లో ఆ గుట్టకు నిప్పు అంటుకొని రోజుల తరబడి పొగ వచ్చింది. అవ్వ అడిగిన ప్రశ్ననే అక్కడివారు దీవినంతటినీ అడగవచ్చు.

ఆ గుట్టలో సగం వరకు వంటింటి చెత్త, ఆకు, గడ్డి. అంటే మన పూర్వులు పెంటకుప్పలో వేసి పొలానికి తోలినటువంటిదే.

కొత్త మాటలు

కసువు – ఇల్లు ఊడ్చిన చెత్త
రుసుము – కట్టవలసిన సొమ్ము
తలదాచుకొను – ఆశ్రయం పొందు
వెచ్చించు – ఖర్చు చేయు

ఆలోచించి చెప్పండి

1. గ్రామ సంఘం తానే లారీని ఎందుకు పంపలేదు?
2. దుకాణదారుని కోరిక న్యాయమైనదేనా? మీ మాటలలో చెప్పండి.
3. మీరు సభ్యులైతే 5 గురి పక్క ఓటు వేసేవారా, 4 గురి పక్కనా?
4. మీ వీధికి చెత్తబండి ఏ ఏ రోజులలో వచ్చినదో ఒక నెల రాసి తరగతికి తీసుకొనిరండి.