గ్రాంటు సేనాని కడపటి యేడు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒహైయో రాష్ట్రమునందు పాయింట్ ప్లెజెంట్ అను చిన్న గ్రామములో 1822వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన యులిసిస్ గ్రాంటు జన్మించెను. తండ్రి జెస్సీ తోళ్లు పదును చేయించి అమ్ముకొనువాడు. ఆ పని కుమారునకు బొత్తిగా గిట్టలేదు. పచ్చి తోళ్ల వాసనను, నెత్తురును బాల్యముననే రోసినందున, పెద్దవాడైన తరువాతకూడ అతడు మాంసమును మాడునట్లు కాల్చిననే గాని తినలేకపోయెను. లక్షలాది సైనికులను నడపిన వానికి నెత్తురు చూచిన వెగటనుట వింతగా తోచవచ్చును. కాని యది నిజము.

గుఱ్ఱములన్న మాత్రము అతనికి ప్రాణము. ఎనిమిదేండ్ల వయసున పొరుగు రైతునొద్ద నున్న యొక గుఱ్ఱపు పిల్లపై మనసుపడెను. తండ్రి ముందు 20 డాలర్లకు అడుగుమనియు, రైతు ఒప్పుకొననిచో ఇరువది రెండున్నర యనుమనియు, అప్పటికిని కాదన్నచో 25 ఇమ్మనియు చెప్పి పంపెను. బాలుడు తిన్నగా పోయి తండ్రి చెప్పిన మాటలన్నియు వరుస తప్పకుండ ఆ రైతునకు అప్పగించెను. బేరమెంతకు కుదిరినదో వేరుగా చెప్పనక్కఱలేదు. ఊరిపిల్లలు దీనిని చెప్పుకొని చాలకాలము నవ్విరి. ఎదుటివాడును తనవలెనే దాపరికము లేనివాడని నమ్ము ఈ గుణము అతనిని ముసలితనము వఱకు విడువలేదు.

తండ్రి బలవంతముపై వెస్టుపాయింటు సైనిక పాఠశాలలో చేరి, 1843లో పట్టము పొంది, గ్రాంటు చిన్న యుద్యోగిగా పటాలములో ప్రవేశించెను. అతని సహాధ్యాయికి జూలియా యను చెల్లెలుండెను. గ్రాంటు ఆమెను ప్రేమించి, 1844లో వివాహమాడుటకు నిశ్చయించుకొనెను. కాని అంతలో మెక్సికోతో యుద్ధము వచ్చెను. వారు నాలుగు సంవత్సరములు ఉత్తరములతోడనే కాలము గడపి, 1848 ఆగస్టులో పెండ్లి చేసికొనిరి. జూలియాకు పుట్టుకతోనే మెల్లకన్ను. భర్త దేశమంతట ప్రసిద్ధుడైన పిమ్మట, అందఱును తన్ను చూతురని సిగ్గుపడి ఆమె కన్నులకు శస్త్రచికిత్స చేయించుకొనగోరెను. గ్రాంటు అందుకు సమ్మతింపక, తాను ప్రేమించినది ఆ కన్నులనే యనియు, అవి తనవనియు, వానిని మార్పరాదనియు చెప్పెను.

1852లో అతని పటాలమును పసిఫిక్ సముద్రతీరమునకు పంపిరి. దారిలో పనామా భూసంధిని దాటవలెను. అచ్చట కలరా చెలరేగుచుండెను. జూలియా నిండు గర్భిణి యగుటచే గ్రాంటు ఆమెను విడిచి ఒంటరిగా పోవలసివచ్చెను. రెండవ కుమారుడు పుట్టిన వార్త చాలకాలమునకు గాని అతనికి అందలేదు. భార్య ఒక ఉత్తరములో పసివాని చేతిని కాగితముపై నుంచి చుట్టును పెన్సిలుతో గీచి పంపగా, ఆ గీతను చూచి అతడు కన్నీరు పెట్టెనట. వచ్చు జీతముతో భార్యాబిడ్డలను అంతదూరము పిలిపించుకొని పోషించుట అసాధ్యము. ఒంటరితనమున మద్యము త్రాగెనను అపవాదును ఆ దినములలోనే పుట్టెను. ఎట్లయినను 1854లో గ్రాంటు కాప్టెను పదవికి రాజీనామా ఇచ్చి ఇంటిదారి పట్టెను. న్యూయార్కు చేరునప్పటికి చేతిలో పైకము లేదు. బక్నరు అను పాత మిత్రుడు హోటలువారికి హామీ ఇచ్చి కాపాడెను. ఈ బక్నరు పేరును విద్యార్థులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

తరువాతి యేడేండ్లు మిక్కిలి గడ్డుకాలము. సెయింట్ లూయీ నగరమునకు సమీపమున మామగారిచ్చిన పొలములో స్వయముగా దుంగలు నఱకి యిల్లు కట్టి సేద్యము చేసెను, ఫలింపలేదు. కట్టెలు కొట్టి బండిపై వేసికొని నగరవీథులలో అమ్మెను. 1857లో క్రిస్టమసు పండుగకు రెండు దినములు ముందు తన బంగారు గడియారమును, గొలుసును 22 డాలర్లకు కుదువపెట్టెను. ఇంత లేమిలోను అతడు చేసిన యొక పని కలదు. మామగారి వలన విలియం జోన్సు అను నల్లజాతి బానిస అతనికి సంక్రమించియుండెను. ఆ కాలమున అట్టివానిని అమ్మినచో అప్పులు తీర్చుకొనగలిగినంత ధనము వచ్చెడిది. గ్రాంటు 1859 మార్చిలో న్యాయస్థానమునకు పోయి, పత్రము వ్రాసియిచ్చి, అతనిని స్వతంత్రుని గావించెను. దీనిని గూర్చి అతడెన్నడును గొప్ప చెప్పుకొనలేదు. కడకు 1860లో, ఏ తోళ్ల వ్యాపారమును చిన్ననాట అసహ్యించుకొనెనో ఆ వ్యాపారమే శరణ్యమై, తండ్రిగారి దుకాణములో తమ్ముల చేతిక్రింద పనికి కుదిరెను.

1861లో ఉత్తర దక్షిణ రాష్ట్రముల మధ్య అంతర్యుద్ధము రేగెను. దుకాణములో కూర్చున్న ఆ మాజీ కాప్టెను మరల కత్తి కట్టి, మూడేండ్లలో ఉత్తర సేనలకెల్ల అధిపతి యయ్యెను. ఆ యుద్ధకథ చాల పెద్దది. 1862 ఫిబ్రవరిలో డోనెల్సను దుర్గమును పట్టుకొనినపుడు, ఆ కోటను అప్పగించిన దక్షిణ సేనాని మఱెవరో కాదు, పూర్వము హోటలులో ఆదుకొనిన బక్నరే. గ్రాంటు లొంగుబాటు విషయమున ఏ షరతునకును ఒప్పుకొనలేదు. కాని పని ముగిసిన పిమ్మట మిత్రుని చాటునకు పిలిచి, ఖైదులో అవసరపడునేమోయని తన డబ్బుసంచిని చేతికందీయబోయెను. ఈ విజయమునకు సంతసించిన జనులు అతనికి చుట్టలు ప్రియమని పత్రికలలో చదివి, వేలకొలది చుట్టలను కానుకగా పంపిరి. వానిని కాల్చుట అతనికి విడువరాని వ్యసనమైనది.

దండులో నున్నను అతని మనస్సు ఇంటిమీదనే యుండెడిది. వీలు చిక్కినప్పుడెల్ల జూలియాను, పిల్లలను శిబిరమునకు రప్పించెను. పెద్దకుమారుడు ఫ్రెడు పన్నెండేండ్ల వాడై, 1863లో విక్సుబర్గు దండయాత్రలో తండ్రివెంట తిరిగి, కాలికి తుపాకిగుండు తగిలించుకొనెను. మఱుసటి యేడు ప్రధాన సేనాధిపత్యము స్వీకరించుటకై తండ్రికొడుకు లిరువురును వాషింగ్టను నగరమునకు పోయిరి. దుమ్ముకొట్టుకొనిపోయిన దుస్తులతో వచ్చిన ఈ బాటసారిని చూచి హోటలు గుమాస్తా ఒక చిన్నగది చూపెను. గ్రాంటు మాఱుమాట లేక పుస్తకములో తన పేరును, ‘కుమారుడు’ అను మాటను వ్రాసెను. ఆ పేరు చదివినంతనే గుమాస్తాకు చెమటలు పోసెను. చిన్నగది కాస్త పెద్దగది యైనది.

1865 ఏప్రిల్ 9వ తేదీన అపొమాటక్సు అను ఊరిలో దక్షిణ సేనాపతి లీ గ్రాంటునకు లొంగిపోయెను. గ్రాంటు ఓడిన సైనికులను ఖైదు చేయక ఇండ్లకు పోనిచ్చెను. వారిలో ననేకులు రైతులు. ఏరువాక దినములు సమీపించుచుండెను. కావున ఎవరి గుఱ్ఱములను వారు దున్నకమునకు తీసికొనిపోవచ్చునని యనుమతించెను. ఆకలిగొన్న వారికి 25,000 మందికి సరిపోవు ఆహారమును పంపించెను. తనవారు విజయసూచకముగా ఫిరంగులు ప్రేల్చుచుండగా దానిని ఆపించెను. తరువాత ఐదవ దినమున అధ్యక్షుడు లింకను నాటకము చూచుటకు గ్రాంటు దంపతులను ఆహ్వానించెను. పిల్లలను చూచి చాలదినములైనదని చెప్పి వారు ఊరికి బయలుదేరిరి. ఆ రాత్రియే లింకను ఆ నాటకశాలలో హత్య గావింపబడెను.

1869 మొదలు 1877 వఱకు గ్రాంటు దేశాధ్యక్షుడుగా నుండెను. దాస్యవిముక్తులైన నల్లజాతివారికి ఓటుహక్కు లభించుటకు అతడు గట్టిగా పాటుపడెను. వారిని హింసించు ముఠాలను సైన్యమును పంపి అణచెను. కాని తాను నమ్మిన యుద్యోగులలో కొందఱు లంచగొండులై ప్రభుత్వమునకు చెడ్డపేరు తెచ్చిరి. గుఱ్ఱపు పిల్ల బేరమాడిన బాలుడే ఇచ్చటను కనబడుచున్నాడు. పదవి ముగిసిన తరువాత జూలియాతో ప్రపంచయాత్ర చేయుచు 1879లో మనదేశమునకును వచ్చి బొంబాయి, ఢిల్లీ, కలకత్తా నగరములను, ఆగ్రాలో తాజమహలును దర్శించెను.

ఆ దినములలో మాజీ అధ్యక్షులకు ఉపకారవేతనము లేదు. అధ్యక్షుడగునపుడే సేనాని హోదాను వదలుకొనెను గనుక సైనిక వేతనమును లేదు. రెండవ కుమారుడు ఫెర్డినాండు వార్డు అను యువకునితో కలిసి న్యూయార్కులో వడ్డీవ్యాపారపు సంస్థ నడపుచుండగా, గ్రాంటు తన సొమ్మంతయు దానిలో పెట్టి, లెక్కలు చూడకయే కాగితములపై సంతకము చేయుచుండెను. వార్డు ఒకరి సొమ్ము మఱియొకరికి లాభమని పంచుచు అందఱను మోసగించుచుండెను. 1884 మే నెలలో ఒక ఆదివారమునాడు అతడు వచ్చి, బ్యాంకు చిక్కులో నున్నదనియు, ఒక్కదినమునకు లక్షా ఏబదివేల డాలర్లు కావలెననియు చెప్పెను. గ్రాంటు కోటీశ్వరుడగు వాండర్బిల్టు ఇంటికి పోయి, మాటపై ఆ సొమ్ము తెచ్చియిచ్చెను. రెండు దినములలో సంస్థ కూలిపోయెను. ఇంటిలో మిగిలినది భర్తచేతిలో 80 డాలర్లు, భార్యచేతిలో 130.

వాండర్బిల్టు అప్పు మాఫీ చేసెదననెను. దంపతులు అంగీకరింపలేదు. ఇండ్లు, పొలములు, తుదకు యుద్ధములలో బహుమతిగా వచ్చిన కత్తులు, పతకములు, ప్రపంచయాత్రలో రాజులిచ్చిన కానుకలు సర్వమును వ్రాసియిచ్చిరి. ఎన్నడును ముఖము చూడని యొక మనుష్యుడు, యుద్ధములో దేశమునకు చేసిన సేవకు తనవంతు బాకీ తీర్చుచున్నానని తెలిపి ధనసహాయము చేసెను. అపుడు ఇల్లు గడచినది అట్టివారి దయవలననే.

బ్రతుకుతెరువునకై గ్రాంటు ఒక మాసపత్రికకు యుద్ధవ్యాసములు వ్రాయుటకు ఒప్పుకొనెను. మొదటి వ్యాసము సర్కారు నివేదికవలె పొడిపొడిగా నుండెను. సంపాదకుడు వచ్చి మాటలలో పెట్టి, ఆ యుద్ధముననాడు ఏమి చూచితిరి, ఏమి తలచితిరి యని అడుగగా, గ్రాంటు కన్నులకు కట్టినట్లు చెప్పెను. అట్లే వ్రాయుడని సంపాదకుడు కోరెను. అఱువది రెండేండ్ల ఆ సేనాని బడిపిల్లవానివలె దిద్దుకొని వ్యాసమును తిరుగవ్రాసెను. అప్పటినుండి అతని రచన చిన్నచిన్న వాక్యములతో, ఆడంబరము లేక, స్వచ్ఛముగా సాగినది.

ఆ వేసవిలోనే ఒకనాడు పీచుపండు తినుచుండగా గొంతులో భరింపరాని నొప్పి పుట్టెను. వైద్యునికి చూపించుకొనుటలో నెలలు జరిగెను. అక్టోబరునాటికి అది రాచపుండని తేలెను. నాడు దానికి చికిత్స లేదు. మరణము తప్పదని గ్రాంటునకు తెలిసినది. తాను పోయిన పిమ్మట జూలియా గతి యేమి యనునదే అతని చింత. అందుచేత స్వీయచరిత్ర వ్రాయబూనెను. మొదట అడిగిన ప్రచురణకర్తలు నూటికి పదివంతులే ఇత్తుమనిరి. గ్రంథకర్తయు, స్నేహితుడునగు మార్కుట్వేను ఇది విని, లాభములో నూటికి డెబ్బదివంతులు ఇచ్చెదనని ముందుకు వచ్చెను. మొదట వచ్చినవారికి అన్యాయము జరుగునేమోయని గ్రాంటు కొన్నాళ్లు వెనుకాడి, 1885 ఫిబ్రవరి 27వ తేదీన మార్కుట్వేనుతో ఒడంబడిక చేసికొనెను.

ఇక మృత్యువునకును, లేఖినికిని పందెము. నీరు మ్రింగినను కరగిన సీసము దిగినట్లుండెడిది. పండుకొన్నచో ఊపిరాడదు గనుక రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించి, ఒకదానిలో కూర్చుండి, రెండవదానిపై కాళ్లు చాచుకొని రాత్రులు గడపెను. ఏప్రిల్ నెలలో ప్రాణము పోయినదే యనుకొనిరి. మరల తేరుకొని కాగితములు తెమ్మనెను. ఫ్రెడు ప్రక్కన కూర్చుండి తేదీలు, పటములు సరిచూచుచుండెను. కొన్నాళ్లు చెప్పి వ్రాయించెను. గొంతు మూగవోయిన తరువాత స్వయముగా పెన్సిలుతో వ్రాసెను. వైద్యునితో సంభాషణయు చీటీలపైననే. నొప్పికి మందు పుచ్చుకొన్నచో మనస్సు మసకబాఱునని, వ్రాయు వేళలలో వీలైనంతవఱకు మానుకొనెడివాడు.

జూన్ 16వ తేదీన అతనిని చల్లగాలికై మెక్‌గ్రెగరు కొండపైనున్న యొక కుటీరమునకు తరలించిరి. జూలై 10న వృద్ధుడైన బక్నరు చూడవచ్చెను. ఒకరు మాటలాడుచు, ఒకరు చీటీలు వ్రాయుచు ఆ పాతమిత్రులు గడపిరి. ఉత్తర దక్షిణముల వారు మరల సోదరులగుటను చూడగలిగితినన్న తృప్తి గ్రాంటు చీటీలలో కానవచ్చెను. తన గ్రంథమును అతడు అమెరికా సైనికునకును నావికునకును అంకితమిచ్చెను. ఏ పక్షపు సైనికుడో చెప్పలేదు.

రెండు సంపుటములు, పన్నెండువందల పుటలకు మించిన ఆ గ్రంథము జూలై మూడవ వారములో పూర్తియయ్యెను. జూలై 23వ తేదీ ఉదయము ఎనిమిది దాటిన కొన్ని నిమిషములకు గ్రాంటు మరణించెను. ఫ్రెడు లేచి గోడగడియారమును ఆపెను. తండ్రి అంగీ జేబులో జూలియా పేర ఒక ఉత్తరము దొరకెను. పిల్లలను ధర్మమార్గమున నడపుమనియు, మంచిలోకమున మరల కలసికొందమనియు అందు వ్రాసియుండెను. అంత్యయాత్రలో శవపేటికను అనుసరించిన గౌరవవాహకులలో ఉత్తర సేనానులతోపాటు బక్నరును ఉండెను.

పుస్తకమును మాజీ సైనికులు పాత దుస్తులు తొడిగికొని ఇంటింటికి తిరిగి అమ్మిరి. మూడులక్షల ప్రతులకు పైగా చెల్లినవి. ఒడంబడిక జరిగిన సరిగా ఏడాదికి, 1886 ఫిబ్రవరి 27న, మార్కుట్వేను సంస్థ జూలియాకు రెండులక్షల డాలర్ల చెక్కు నిచ్చెను. తరువాత వచ్చినదియు కలిపినచో మొత్తము నాలుగు లక్షలకు మించినది.

వెస్టుపాయింటులో పూడ్చిపెట్టించుకొనుట గ్రాంటునకు ఇష్టమే; కాని అచ్చట భార్యకు తావులేదని దానిని వదలుకొనెను. ఎచ్చట పూడ్చినను ఆమెకు తన ప్రక్క చోటుండవలెనని ముందే చెప్పియుంచెను. న్యూయార్కువారు అందుకు సమ్మతించి, హడ్సను నది యొడ్డున గొప్ప సమాధిమందిరము కట్టి 1897లో ప్రారంభోత్సవము చేసిరి. 1902 డిసెంబరులో జూలియా మరణింపగా, ఆమె పేటికను భర్త పేటిక ప్రక్కనే చేర్చిరి.