కొమ్మ కోతలో ఉపాధి: మిషన్ కొనే ముందు ఇది చదవండి

రోహిణి కార్తె చివర ఒక్క ఈదురుగాలి లేస్తే చాలు, భైంసాలో ఏదో ఒక వీధిలో వేపకొమ్మ విరిగి కరెంటు తీగ మీద పడుతుంది. ఇంటివాళ్లు ముందు లైన్‌మన్‌కు, తర్వాత కౌన్సిలర్‌కు ఫోన్ చేస్తారు. చివరికి ‘చెట్టెక్కేవాళ్లు ఎవరైనా ఉన్నారా’ అని వాడంతా అడుగుతారు. పిలిస్తే వచ్చి, పని శుభ్రంగా చేసి, రేకులు పగలకుండా కొమ్మ దింపి, కట్టె తీసేసి వెళ్లే మనిషి దొరకడం కష్టం. ఆ కొరతే ఒక ఉపాధి. పదో తరగతి, ఇంటర్ దగ్గర చదువు ఆగినవాళ్లు, గీత వృత్తి కుటుంబాల పిల్లలు, ఐటీఐ చేసి ఖాళీగా ఉన్నవాళ్లు ఆలోచించదగ్గ పని ఇది.

ఒక్క మాట మాత్రం ముందే గుర్తుపెట్టుకోవాలి. కోత మిషన్ డబ్బు పెడితే ఎవరికైనా దొరుకుతుంది. తాడు, కాగితం, లెక్క ఈ మూడూ దగ్గరున్నవాడే ఈ పనిలో నిలబడతాడు.

పని ఎక్కడ దొరుకుతుంది?

మొదటి గిరాకీ ఇళ్లది. మిద్దె మీదికి ఒరిగిన వేప, ప్రహరీని నెడుతున్న రావి, కొత్త ఇంటి ముగ్గుకు అడ్డొచ్చిన కానుగ. రెండోది రైతులది. నల్లరేగడి చేలలో గట్టు మీది తుమ్మ నీడ పత్తి మీద పడుతుందని కొమ్మలు కొట్టిస్తారు. మూడోది బడులు, గుళ్లు, దర్గాలు, జిన్నింగ్ మిల్లుల ఆవరణలు. అక్కడ మనుషులు తిరుగుతుంటారు కాబట్టి ఎండుకొమ్మను ఎక్కువ రోజులు ఉంచరు.

నాలుగోది ప్రభుత్వానిది. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి. 2015లో మొదలైన హరితహారం కింద రోడ్ల పక్కన నాటిన మొక్కలు ఇప్పుడు తీగలను తాకే ఎత్తుకు వచ్చాయి. కొమ్మలు తీయాల్సిన పని ఏటేటా పెరిగేదే గానీ తగ్గేది కాదు. మన ప్రాంతానికి కరెంటు ఇచ్చే టీజీఎన్‌పీడీసీఎల్ కూడా వానాకాలానికి ముందు లైన్ల వెంట కొమ్మలు కొట్టిస్తుంది. ఆ పని కాంట్రాక్టర్ల చేతిలో ఉంటే, మొదట వాళ్ల దగ్గర చేరండి.

ఐదోది చెట్టుకు వైద్యం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చెదలు తొలిచి కొమ్మ విరిగిపడడంతో 2017 డిసెంబరులో సందర్శకులను ఆపేశారు. 2018లో అటవీ శాఖ వాళ్లు క్లోరోపైరిఫాస్‌ను పలుచన చేసి సెలైన్ సీసాల్లో పోసి, బొట్టు బొట్టుగా చెట్టుకు ఎక్కించారు. బరువైన కొమ్మల కింద కాంక్రీటు దన్నులు కట్టారు. పాత కరీంనగర్ జిల్లా సిరిసిల్ల ప్రాంతంలో, వానలకు కూలిన దాదాపు 70 ఏళ్ల సుద్దాల మర్రిని 2022లో క్రేన్లతో తరలించి తిరిగి నాటారు. ఇలాంటి పనులు రోజూ రావు. వచ్చినప్పుడు మాత్రం నరకడమే తెలిసినవాడిని కాదు, చెట్టు తెలిసినవాడిని పిలుస్తారు.

చదువు, శిక్షణ

ఈ పనికి డిగ్రీ అక్కర్లేదు. 18 ఏళ్లు నిండి, ఎత్తంటే భయం లేకుండా, చెప్పింది వినే ఓపిక ఉంటే చాలు. తాటిచెట్టు ఎక్కే ఇంట్లో పుట్టినవాళ్లకు మోకు, ముత్తాదు కొత్త కాదు. కానీ మోకు ఒక్కదాన్ని నమ్ముకుంటే సరిపోదని ప్రభుత్వమే గుర్తించి 2024 జులైలో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కిట్టు చేతికిచ్చి ఊరుకోలేదు, వాడడమూ నేర్పారు. మీ ఊళ్లో ఆ శిక్షణ పొందినవాళ్లుంటే నాలుగు రోజులు వాళ్ల వెంట తిరగండి.

ఇంకా పైకి చదవాలనుకునేవాళ్లకు సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలలో బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. ఉద్యాన డిప్లొమా చేసినా కత్తిరింపులు, తెగుళ్లు తెలుస్తాయి. ప్రపంచ స్థాయి గుర్తింపు కావాలంటే ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బొరికల్చర్ ఇచ్చే ‘సర్టిఫైడ్ ఆర్బరిస్ట్’ పరీక్ష రాయవచ్చు. దానికి సాధారణంగా మూడేళ్ల పని అనుభవం చూపాలి. అందుకే మొదటి రోజు నుంచే చేసిన ప్రతి పనికీ తేదీ, ఫొటో, బిల్లు దాచుకోండి. బ్రిటన్‌లో వృత్తిగా చైన్‌సా పట్టేవాళ్లకు శిక్షణ చట్టప్రకారం తప్పనిసరి. ఇక్కడ ఎవరూ సర్టిఫికెట్ అడగకపోయినా నేర్చుకోకుండా మిషన్ పట్టకండి.

ఏం కొనాలి, ఏ వరసలో?

చాలామంది ముందు మిషన్ కొని, డబ్బు మిగిలితే హెల్మెట్ చూద్దామనుకుంటారు. వరస తిప్పండి. ముందు ఒంటికి కావలసినవి: గడ్డం పట్టీ ఉన్న హెల్మెట్, కళ్లకు అద్దాలు లేదా జాలీ, చెవులకు మఫ్స్, గట్టి బూట్లు, తొడలకు చైన్‌సా చాప్స్. చాప్స్ లోపల ఉండే పోగులు గొలుసుకు చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. కోత మిషన్ చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది. చెవులు మూయకుండా ఏళ్ల తరబడి చేస్తే వినికిడి పోతుంది.

తర్వాత తాళ్లు. మనిషి ఎక్కే తాడు వేరు, కొమ్మ దింపే తాడు వేరు. ఒకదాన్ని ఇంకోదానికి వాడకూడదు. మనిషి తాడును ఎండలో, పెట్రోలు పక్కన పెట్టకండి. ఎక్కడైనా పోగు లేచినా, గట్టిపడినా తీసేయండి. కొమ్మ మీద కూర్చుని మిషన్ ఆడించేటప్పుడు నడుముకు రెండు ఆధారాలు ఉండాలి, వాటిలో ఒకటి సులువుగా తెగని ఉక్కు తీగ ఉన్నదైతే మేలు.

చివర మిషన్. మార్కెట్లో 10 వేల లోపు దొరికే 58 సీసీ మిషన్లు ఉన్నాయి. స్టిల్, హస్క్‌వర్నా లాంటి కంపెనీల మిషన్లు మోడల్‌ను బట్టి 25 వేల నుంచి 50 వేల దాకా ఉంటాయి. చవకది కొన్నా, ఖరీదైనది కొన్నా మూడు విషయాలు చూడండి: చైన్ బ్రేక్ పనిచేస్తుందా, నిర్మల్‌లోనో నిజామాబాద్‌లోనో స్పేర్లు దొరుకుతాయా, బరువు మీ చేతికి సరిపోతుందా. టూస్ట్రోక్ ఇంజిన్లో పెట్రోలు, ఆయిలు కలపాలి. మంచి టూస్ట్రోక్ ఆయిల్‌తో 50కి 1 పాళ్లని కంపెనీ చెబితే, లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. అంచనాగా పోసి ఇంజిన్ పట్టేయించుకున్నవాళ్లు చాలామంది. గొలుసుకు పదును పెట్టే ఆకురాయి గుండ్రంగా, గొలుసు కొలతకు తగినదై ఉండాలి. .325 గొలుసుకు 4.8 మిల్లీమీటర్లది వాడతారు. పొట్టు బదులు పొడి రాలుతుంటే పదును పోయినట్టే.

రేకుల మీది కొమ్మ: మూడు కోతలు

చేయి తిరిగినవాడికీ కొత్తవాడికీ తేడా ఇక్కడే బయటపడుతుంది. రేకుల షెడ్డు మీదికి తొడ లావు వేపకొమ్మ వచ్చిందనుకోండి. పైనుంచి ఒక్క కోతే వేస్తే, సగం తెగాక కొమ్మ బరువుకు వంగి, మాను మీది బెరడును నిలువునా చీల్చుకుంటూ పడుతుంది. ఆ గాయంలోకే నీరు, చెద, బూజు చేరతాయి. అందుకే మొదటి కోత కింది నుంచి, మానుకు జానెడు దూరంలో, మూడో వంతు లోతు. రెండో కోత పైనుంచి, ఇంకాస్త బయటికి. కొమ్మ శుభ్రంగా తెగి, ముందే కట్టిన తాడు మీద వేలాడుతుంది. కింద ఉన్నవాడు తాడును చెట్టుకు చుట్టి మెల్లగా వదులుతాడు. మూడో కోత మిగిలిన మొండికి, కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడకు బయటగా. ఆ మెడను కోయకండి, చెట్టు తన గాయాన్ని మాన్పుకునేది అక్కడి నుంచే. బార్ ముక్కు పైభాగం దేనికీ తగలకూడదు. తగిలితే మిషన్ ఒక్క దెబ్బకు మొహం మీదికి లేస్తుంది. భుజానికి పైన మిషన్ ఆడించకండి, చేతి రంపం వాడండి.

కరెంటు తీగ దగ్గర ఒకే నియమం: ఎల్‌సీ లేకుండా చెట్టెక్కకూడదు. సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుని, లైన్‌మన్ అక్కడ నిలబడి, ఎర్త్ వేశాకే పని. ‘కరెంటు పోయింది కదా’ అని ఎక్కినవాళ్ల ప్రాణాలు, ఎక్కడో ఇన్వర్టరో జనరేటరో వెనక్కి పంపిన కరెంటుకు పోయాయి. పచ్చికొమ్మ కూడా కరెంటును లాగుతుంది. టీజీఎన్‌పీడీసీఎల్ ఫిర్యాదుల నంబరు 1912.

కాగితం సంగతి

తెలంగాణలో చెట్టును మొదలుకంటా కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం అడ్డొస్తుంది. ఇంటి యజమాని ‘నా చెట్టు, నా ఇష్టం’ అంటే సరిపోదు, అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. కొట్టిన చెట్లకు బదులు మొక్కలు నాటాలన్న షరతూ ఉంటుంది. ముందు ‘చెట్టు ఎవరిది?’ అని అడగండి. మున్సిపల్ రోడ్డుదా, రోడ్లు భవనాల శాఖదా, 61వ నంబరు జాతీయ రహదారిదా, దేవాదాయ శాఖదా? ఆ శాఖ రాతపూర్వక ఆదేశం లేకుండా చేయి పెట్టకండి. సర్పంచి నోటిమాట అనుమతి కాదు.

పట్టా భూమిలో టేకు ఉందంటే ఇంకా జాగ్రత్త. నిర్మల్ అడవుల టేకుకు పేరు ఎంతుందో, దొంగ రవాణా మీద నిఘా అంతే ఉంది. రైతు పాసుపుస్తకంతో దరఖాస్తు చేసి, అధికారులు కొలిచి గుర్తు వేశాకే కోత, పర్మిట్ చేతికొచ్చాకే రవాణా. సర్కారు తుమ్మ, నీలగిరి, సుబాబుల్ లాంటి వాటికి రవాణాలో మినహాయింపులు ఉన్నాయి. తాజా జాబితా రేంజ్ ఆఫీసులో చూసుకోండి. ‘కూలి ఎందుకు, కట్టె నువ్వే తీసుకపో’ అన్న బేరం చాలాసార్లు వినిపిస్తుంది. పర్మిట్ లేని కట్టె ఎక్కించిన ట్రాలీ దారిలో దొరికితే కేసు ట్రాలీ తోలినవాళ్ల మీదే.

భైంసా మహారాష్ట్ర సరిహద్దు పట్టణం. భోకర్, ధర్మాబాద్ వైపు నుంచీ పిలుపులొస్తాయి. అక్కడ 1964 నాటి మహారాష్ట్ర చెట్ల నరికివేత నియంత్రణ చట్టం, పట్టణాల్లో 1975 చట్టం వర్తిస్తాయి. మన అనుమతి అక్కడ చెల్లదు, అక్కడి కట్టె ఇక్కడికి ఊరికే రాదు. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ మాట్లాడడం భైంసా కుర్రాళ్లకు కలిసొచ్చే గుణమే. ఆ మాటలతో పాటు కాగితం కూడా రెండువైపులా నేర్చుకోండి.

డబ్బు లెక్క

ఉదాహరణకు, ఒక ఇంట్లో రెండు వేపల కొమ్మలు తీసి కట్టె తరలించడానికి 6,000 మాట్లాడారనుకోండి. ఇద్దరు సహాయకులకు 1,600, పెట్రోలు ఆయిలుకు 500, ట్రాలీకి 1,000, తిండికి 200. గొలుసు, బార్, తాళ్ల అరుగుదలకు 400 పక్కన పెట్టాలి. మిగిలేది 2,300. ఈ చివరి 400 లెక్కలో వేసుకోనివాడు 2,700 సంపాదించాననుకుంటాడు. గొలుసు తెగిన రోజు అప్పు చేస్తాడు. నల్లరేగడి తడిస్తే ట్రాలీ చేలోకి దిగదు. పని లేని ఆ వారాల ఖర్చు కూడా పని ఉన్న రోజుల ధరలోంచే రావాలి.

రైతులు ‘పత్తి అమ్మినంక ఇస్తం’ అనడం మామూలే. సగం ముందు తీసుకుని, మిగతాదానికి చిన్న కాగితం మీద సంతకం పెట్టించుకోండి. చెట్టు చూడకుండా ఫోన్‌లో ధర చెప్పకండి. కట్టె తీసుకెళ్లడం, గోడకు దెబ్బ తగిలితే ఎవరి బాధ్యత అన్నవి ముందే తేల్చుకోండి.

పెట్టుబడికి ముద్ర శిశు రుణం 50,000 దాకా, కిశోర్ 5 లక్షల దాకా పూచీకత్తు లేకుండా దొరుకుతుంది. చాలా ఇళ్లలో అమ్మ మహిళా సంఘం ద్వారా వచ్చే స్త్రీనిధి రుణమే మొదటి పెట్టుబడి అవుతుంది. దాన్ని మిషన్‌కే పూర్తిగా ఖర్చు చేయకండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకు డబ్బివ్వకండి. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటే దాకా జీఎస్టీ గొడవ లేదు. ప్రభుత్వ పనికి బిల్లు పెడితే 1 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది.

బీమా తప్పనిసరి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమాతో ప్రమాద మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 2 లక్షలు వస్తాయి. 436 రూపాయల జీవన్ జ్యోతి 18 నుంచి 50 ఏళ్ల వాళ్లకు. ఈ-శ్రమ్ కార్డు తీసుకోండి. అయినా ఇవి చాలవు, సంపాదన నిలదొక్కుకోగానే సొంత ప్రమాద బీమా పెద్దది చేసుకోండి. మీరు పెట్టుకున్న సహాయకుడికి దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత మీదే. అతని పేరు మీద కూడా 20 రూపాయలు కట్టించండి.

మొదటి ఏడాది ఎలా?

మొదటి ఆరు నెలలు అనుభవం ఉన్నవాడి దగ్గర కింద తాడు పట్టండి. నేల మీద నిలబడి చూస్తేనే పైన జరిగే తప్పులు అర్థమవుతాయి. తర్వాత చిన్న కొమ్మలు, తీగకు దూరంగా ఉన్న చెట్లు. ఏడాది తిరిగాక మున్సిపాలిటీ, పంచాయతీ, విద్యుత్ కాంట్రాక్టర్ల దగ్గర పేరు నమోదు చేయించుకోండి. పక్షి గూడున్న కొమ్మను పిల్లలు ఎగిరేదాకా ఆపమని యజమానికి చెప్పండి. అలా చెప్పేవాడినే మళ్లీ పిలుస్తారు.

ఎల్‌సీ లేదని, అనుమతి లేదని, తాడు బాగాలేదని వచ్చిన పనిని వదులుకోవడం నేర్చుకోండి. ఆ రోజు కూలి పోతుంది, రేపటి పని మిగులుతుంది. మిషన్ కొనడానికి డబ్బు కూడబెడుతున్నారా? దానిలో మొదటి భాగం హెల్మెట్‌కు, తాడుకు, బీమాకు తీసి పక్కన పెట్టండి. మిగిలినదానితో ఏ మిషన్ వస్తే అదే మీ మొదటి మిషన్.