జీడిపిక్కలు ఇంట్లో కొట్టుకోవచ్చా?

ప్రశ్న: పెరట్లో చెట్టు పిక్కలు కొట్టి పప్పు తీస్తుంటే చేతులు పొక్కుతున్నాయి. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, మందస

జవాబు: అమ్మా, ఆ బొబ్బలు తొక్కలోని జీడి వల్లే. పెంకు మధ్య చిన్న చిన్న గదుల్లో జిగటగా ఉంటుంది. పండి రాలిన పిక్కలనే ఏరి, రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టండి. ఊపితే లోపల గింజ కదిలిన చప్పుడు రావాలి. ఆ తర్వాత పిక్కలను కాల్చాలి; అది ఆరుబయటే చెయ్యండి. ఆ పొగా కళ్లను మండిస్తుంది, మీ వైపు రానివ్వకండి. చల్లారాక బూడిదలో దొర్లించి, చేతులకు కొబ్బరినూనె పట్టించి, పిక్కను అంచు మీద నిలబెట్టి ఒక్క దెబ్బ వెయ్యండి; పప్పు బద్దలవకుండా వస్తుంది. ఇంత కష్టపడితే నాలుగు కిలోలకు దక్కేది సుమారు కిలో పప్పు. బస్తాలకొద్దీ ఉంటే పలాస బేరగాళ్లకే ఇవ్వండి. పిల్లల్ని మాత్రం దగ్గరకు రానివ్వకండి.