అంగదుని చెంత జాంబవంతుడు

బ్రహ్మోత్సవాల వేళ, కార్తీక సోమవారాల నాడు, నిత్యాన్నదాన సత్రంలో యువతీయువకులు చేసే సేవ భక్తులందరికీ సుపరిచితమే. పంక్తుల్లో వడ్డించేవారు, వృద్ధులను చేయిపట్టి మెట్లెక్కించేవారు, క్యూలైన్లలో పసిబిడ్డల తల్లులకు పాలు, నీరు అందించేవారు వీరిలో ఎందరో ఉన్నారు. ఇది ముదావహమైన విషయం. అయితే ఒక ప్రశ్న వేసుకోవలసి ఉన్నది. ఈ యువతలో బరువు మోసే పని ఎందరికి దక్కుతున్నది? నిర్ణయం తీసుకొనే బాధ్యత ఎందరికి దక్కుతున్నది?

పదవ తరగతి వరకు ఉత్సాహంగా సేవకు వచ్చిన పిల్లలు ఆ తరువాత కనిపించకపోవడం అనేక ఆలయాల అనుభవం. చదువు, ఉద్యోగం కారణాలు కావచ్చు. కానీ ఏళ్ల తరబడి బకెట్లు మోసినా, ఒక్కనాడైనా తమ మాటకు విలువ లభించలేదన్న భావన కూడా కారణమే. యువతకు నాయకత్వం నేర్పడం ఎలా, నేర్పే స్వచ్ఛంద కార్యకర్తలు ఎలా మెలగాలి అన్న విషయాన్ని శ్రీమద్రామాయణంలోని ఒక ఘట్టం ఆధారంగా ఈ పాఠంలో పరిశీలిద్దాం.

దక్షిణ దిశకు వెళ్ళిన దళం

సీతాన్వేషణకై సుగ్రీవుడు నాలుగు దిక్కులకూ వానర సేనలను పంపాడు. దక్షిణ దిశకు వెళ్ళిన దళానికి యువరాజైన అంగదుడు నాయకుడు. ఆ దళంలో వయోవృద్ధుడైన జాంబవంతుడు ఉన్నాడు. బుద్ధిబలాలు రెండింటిలోనూ సాటిలేని హనుమంతుడూ ఉన్నాడు. అంతటివారు ఉండగా నాయకత్వం ఒక యువకునిది కావడం గమనించదగినది. అలాగే, ఆ యువకుని ఒంటరిగా పంపకపోవడమూ గమనించదగినదే.

సుగ్రీవుడు ఒక మాసం గడువు విధించాడు. స్వయంప్రభ గుహ నుండి వెలుపలికి వచ్చేసరికి ఆ గడువు దాటిపోయింది. అంగదుడు కుంగిపోయాడు. సుగ్రీవుని దండనకు భయపడి, తిరిగి వెళ్ళడం కంటే ప్రాయోపవేశమే మేలని తలచాడు. గుహలోనే ఉండిపోదామని తారుడు సూచించగా మరికొందరు సమ్మతించారు. దళం చీలిపోయే స్థితి ఏర్పడింది. అప్పుడు హనుమంతుడు నాయకత్వాన్ని తాను చేజిక్కించుకోలేదు. ఆ ఆలోచనలోని అపాయాన్ని యుక్తియుక్తంగా వివరించి, అంగదుని మనస్సును మళ్ళించే ప్రయత్నం చేశాడు. అయినా అంగదుని నిరాశ వెంటనే తొలగలేదు. జటాయువును గూర్చిన వారి సంభాషణ విని సంపాతి అక్కడికి రావడం, సీతమ్మ జాడ తెలపడం ఆ పిమ్మట జరిగాయి.

యువనాయకుడు ఒకసారి దిగులుపడినంత మాత్రాన అతడు అనర్హుడు కాడు. ఆనాడు దిగులుపడిన అంగదుడే తరువాత సముద్రాన్ని చూసి నిశ్చేష్టులైన వానరులకు ధైర్యం చెప్పాడు. శ్రీరాముని దూతగా రావణసభకు వెళ్ళినదీ అతడే.

సముద్రతీరాన జరిగిన సభ

నూరు యోజనాల సముద్రాన్ని ఎవరు దాటగలరు? అంగదుడు ఆజ్ఞాపించలేదు, అడిగాడు. ఎవరి శక్తి ఎంతో వారినే చెప్పమన్నాడు. గజుడు 10 యోజనాలన్నాడు, గవాక్షుడు 20 అన్నాడు. అలా ఒక్కొక్కరూ తమ శక్తిని చెప్పుకొంటూ వచ్చారు. వార్ధక్యం పైబడిన జాంబవంతుడు తాను 90 యోజనాలు వెళ్ళగలనన్నాడు. ఎవరూ గొప్పలు చెప్పుకోలేదు. తక్కువ చెప్పినవారిని ఎవరూ పరిహసించలేదు. తన శక్తిని ఉన్నదున్నట్లు చెప్పుకోగలిగిన వాతావరణమే మంచి దళానికి మొదటి లక్షణం.

చివరకు అంగదుడు తాను నూరు యోజనాలూ దాటగలననీ, తిరిగిరావడమే సందేహమనీ పలికాడు. జాంబవంతుడు అతని శక్తిని శంకించలేదు. నీవు సమర్థుడవే, కాని నాయకుడు పంపవలసినవాడే తప్ప తానే వెళ్ళవలసినవాడు కాడని బోధించాడు. అన్ని పనులూ తానే చేయాలనుకొనే ఉత్సాహం యువతకు సహజం. ఆ ఉత్సాహాన్ని చిన్నబుచ్చకుండా, నాయకుని కర్తవ్యం వేరని తెలియజెప్పడం పెద్దల నేర్పు.

ఆ పిమ్మట జాంబవంతుడు, ఒక పక్కన మౌనంగా కూర్చున్న హనుమంతుని చెంతకు వెళ్ళాడు. అతని జన్మవృత్తాంతాన్ని, మరుగునపడిన బలాన్ని గుర్తుచేశాడు. దళంలో బాగా మాట్లాడేవారిని అందరూ చూస్తారు. మాట్లాడనివారిలోని శక్తిని చూడగలిగినవాడే శిక్షకుడు.

హనుమంతుడు కార్యం సాధించి తిరిగివచ్చిన తరువాత, మనమే లంకకు వెళ్ళి సీతమ్మను తీసుకువద్దామని అంగదుడు ఉత్సాహపడ్డాడు. అది శ్రీరాముని సంకల్పానికి అనుగుణంగా జరగవలసిన కార్యమని జాంబవంతుడు వారించగా, అంగదుడు అంగీకరించాడు. దారిలో మధువనం చేరినప్పుడు వానరులు తేనె త్రాగడానికి అనుమతి కోరారు. అంగదుడు జాంబవంతాది పెద్దల సమ్మతి తీసుకొని అనుమతించాడు. అప్పటికి యువరాజుకు పెద్దలను సంప్రదించడం అలవడింది. అలసిన అనుచరులకు ఆనందించే అవకాశం ఇవ్వడమూ తెలిసింది.

ఆలయ ప్రాంగణంలో ఈ పాఠం

ఈ ఘట్టాన్ని ఆచరణలో పెట్టడానికి పెద్ద భవనాలు అవసరం లేదు. ఎనిమిది లేక పదిమందితో ఒక దళం, దానికి యువతలో నుండే ఒక నాయకుడు లేక నాయకురాలు, పక్కన ఒక పెద్ద కార్యకర్త ఉంటే చాలు.

అన్నదానంలో ఒక పంక్తి బాధ్యతను ఒక దళానికి పూర్తిగా అప్పగించండి. ఎన్ని విస్తళ్ళు వేయాలి, అన్నం ఎవరు, సాంబారు ఎవరు, రెండవసారి వడ్డనకు ఎప్పుడు రావాలి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను ఎక్కడ కూర్చుండబెట్టాలి అన్న నిర్ణయాలన్నీ దళనాయకుడివే. మొదటిరోజున సాంబారు ఆలస్యం కావచ్చు. అప్పుడు పెద్ద కార్యకర్త గరిటె లాక్కొని “నువ్వు తప్పుకో” అంటే ఆరునెలల శిక్షణ ఒక్క క్షణంలో వృథా అవుతుంది. వేడి పాత్ర, విద్యుత్తు, తొక్కిసలాట వంటి అపాయాలు ఎదురైనప్పుడు తప్పక కల్పించుకోవాలి; తక్కిన సందర్భాల్లో ఓపికపట్టాలి. సేవ ముగిసిన తరువాత దళమంతా పావుగంట కూర్చోవాలి. ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు, రేపు ఏమి మార్చాలి అన్న మూడు ప్రశ్నలకు ముందుగా యువతే సమాధానం చెప్పాలి. పెద్దలు చివర మాట్లాడాలి.

ఇందుకు మన దేశంలోనే చక్కని నమూనా ఉన్నది. జాతీయ సేవా పథకం మహాత్మాగాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో సుమారు 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమైంది. అందులో చేరిన విద్యార్థి 2 సంవత్సరాల్లో 240 గంటల సేవ చేయాలి. 7 రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది. విద్యార్థులకు మార్గదర్శిగా ఒక అధ్యాపకుడు ప్రోగ్రాం ఆఫీసరుగా వ్యవహరిస్తారు. లెక్కకు వచ్చే కాలం, తెలిసిన చోటు, తెలిసిన పెద్ద అనే ఈ మూడూ ఆలయ యువసేవాదళాలకూ ఆదర్శమే.

కార్యకర్తల ఎంపిక, సంరక్షణ

యువతకు శిక్షణనిచ్చేవారు చాలావరకు జీతం లేని సేవకులే. వారు విశ్రాంత ఉపాధ్యాయులు, గృహిణులు, సెలవు దినాన్ని స్వామికి సమర్పించే ఉద్యోగులు. జీతం లేదు కనుక నియమం అక్కరలేదనుకోవడం పొరపాటు.

పిల్లల బాధ్యతను అప్పగించే ముందు కార్యకర్త పూర్వాపరాలు విచారించాలి. భక్తి ఎంత ఉన్నా, దాత ఎంత పెద్దవాడైనా ఈ విచారణకు మినహాయింపు ఉండరాదు. 18 ఏళ్ళు నిండనివారికి తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతి ఉండాలి. ఏ పెద్దా ఒక్క బాలుడితోగాని, బాలికతోగాని ఏకాంతంగా ఉండరాదు. ఇద్దరు పెద్దలు ఉండితీరాలి. శిబిరాల్లో బాలికల దళాలకు మహిళా కార్యకర్తలు తప్పనిసరి. ఫిర్యాదు చేయాలంటే ఎవరి వద్దకు వెళ్ళాలో ప్రతి బిడ్డకూ తెలియాలి. ఇవి అనుమానంతో పెట్టిన నియమాలు కావు. ఆలయాన్ని నమ్మి బిడ్డను పంపిన తల్లికి మనం ఇచ్చే మాట.

కార్యకర్తల శక్తికీ హద్దు ఉన్నది. పిలిస్తే పలికే నలుగురి మీదే పనులన్నీ మోపితే రెండేళ్ళలో వారు అలసి తప్పుకొంటారు. అందుచేత నెలకు ఎన్ని గంటలో ముందే నిర్ణయించాలి. బాధ్యత ఏడాదికి పరిమితం కావాలి. కొనసాగాలా, విశ్రాంతి తీసుకోవాలా అని ఏడాది చివర వారినే అడగాలి. ప్రయాణానికి, ఫోనుకు అయిన ఖర్చును వారు అడగకముందే చెల్లించాలి. ప్రతి కార్యకర్తా తన పనిని నేర్చుకొంటున్న మరొకరిని పక్కన ఉంచుకోవాలి. ఒకరు రాలేకపోతే ఆగిపోయే కార్యక్రమం ఎంత ఘనంగా సాగుతున్నా బలహీనమైనదే.

భక్తులకు, దాతలకు విన్నపం

తిరుమల తిరుపతి దేవస్థానం 2000 సంవత్సరంలో ప్రారంభించిన శ్రీవారి సేవలో వేలాది భక్తులు బృందాలుగా వచ్చి తోటి యాత్రికులకు సేవ చేస్తున్నారు. నిన్న క్యూలో నిలబడిన భక్తుడే నేడు క్యూలో మంచినీరు అందించేవాడు కావచ్చు. కనుక యాత్రికునికీ సేవకునికీ మధ్య పెద్ద దూరం లేదు.

ఈసారి ఏ ఆలయంలోనైనా ఒక పదహారేళ్ళ అమ్మాయి “అమ్మా, కాస్త ఇటు రండి, ఆ వరుసలో పెద్దవారు వస్తున్నారు” అని వినయంగా కోరితే, చిన్నపిల్ల చెబితే వినేదేమిటని అనుకోవద్దు. మీరు ఆమె మాట విని పక్కకు జరిగిన క్షణాన ఆమె నాయకత్వంలో ఒక మెట్టు ఎక్కుతుంది. ఆ మెట్టు ఏ ఉపన్యాసమూ ఎక్కించలేనిది.

దాతలు అన్నదానానికి, గోపుర నిర్మాణానికి ఉదారంగా సమర్పిస్తున్నారు. కార్యకర్తల శిక్షణకు, ప్రథమ చికిత్స పెట్టెలకు, శిబిరంలో పిల్లల భోజన వసతులకు సమర్పించిన విరాళానికి శిలాఫలకం ఉండకపోవచ్చు. కానీ గోపురాన్ని రేపు కాపాడవలసినవారు ఈ పిల్లలే. ధనంతోపాటు నెలకు ఒక దినాన్ని కూడా సమర్పించగలిగితే అది మరింత శ్రేష్ఠం.

మననం చేసుకోవలసిన అంశాలు

1. మన ఇంటిలో, మన ఆలయంలో యువతకు అప్పగించిన నిర్ణయం ఒక్కటైనా ఉన్నదా?
2. వారి పని ఆలస్యమైనప్పుడు మనం ఓపికపడుతున్నామా, లాక్కొంటున్నామా?
3. మౌనంగా ఒక పక్కన కూర్చున్న హనుమంతుడు మన దళంలో ఎవరు?
4. మన తరువాత మన పని చేయగలవారిని తీర్చిదిద్దుతున్నామా?

జాంబవంతుడు సముద్రాన్ని దాటలేదు, దాటగలవానిని నిలబెట్టాడు. అంగదుని నాయకత్వాన్ని తీసుకోలేదు, దానికి అండగా నిలిచాడు. అటువంటి పెద్దరికం మన ఆలయాలన్నింటిలో వర్ధిల్లాలనీ, మన బిడ్డలు సేవలోనూ వివేకంలోనూ అభివృద్ధి చెందాలనీ స్వామివారిని ప్రార్థిద్దాం.