వైరింగ్ మార్పించొద్దు, ముందు ఎర్త్ చూడు

అమ్మలూ,

వద్దు. వైరింగ్ కిట్ మొత్తం పీకి కొత్తది వేయించడానికి ఒప్పుకోవద్దు. ఫోన్‌లో చెబితే సగం విని "సరే మామయ్యా" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. బ్యాటరీ మార్చారు, కాయిల్ మార్చారు, పెట్రోలు పంపు మార్చారు. అయినా కారు ఆగుతూనే ఉంది. ఇప్పుడిక వైరింగ్ వంతు అంటున్నారంటే అది ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమే. ఇరవై ఏళ్లు దాటిన మారుతీ 800లో పాత వైరింగ్ ఊడదీస్తే ప్రతి కప్లరూ కదులుతుంది, ప్రతి ఫ్యూజూ తీసి పెడతారు. ఆ కదలికకే కొన్నాళ్లు బాగుపడినట్టు కనిపిస్తుంది. డబ్బులిచ్చి ఇంటికి తెచ్చుకుంటావు. తర్వాత మళ్లీ ఆగుతుంది. అసలు తప్పు కీ స్విచ్‌లోనో రిలేలోనో ఉంటే వైరు మార్చి ఏం లాభం? పైగా తప్పు ఎక్కడుందో చెప్పే గుర్తులన్నీ పాత వైర్లతో పాటు చెత్తకుండీలోకి పోతాయి.

నువ్వు పంపిన మెసేజ్ మళ్లీ మళ్లీ చదివాను. "ఒక్కోసారి ఆగిపోతోంది" అని రాశావు. ఎప్పుడు ఆగిపోతోంది? కరెంటుకు ఇష్టాయిష్టాలుండవు తల్లీ. వేడికో, కుదుపుకో, తడికో, లోడుకో ఎక్కడో ఒకచోట అతుకు విడిపోతోంది. వీటిలో ఏది కారణమో తెలిస్తే సగం పని అయినట్టే. పాలిటెక్నిక్‌లో ప్రతి ప్రయోగానికీ రికార్డు రాస్తావు కదా, నీ కారుకు ఎందుకు రాయవు? గ్లవ్ బాక్సులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకో. ఆగిన ప్రతిసారీ టైము, ఎంతసేపు నడిపాక ఆగింది, అప్పుడు ఏమేమి ఆన్‌లో ఉన్నాయి, రోడ్డు ఎలా ఉంది, ఎంతసేపటికి మళ్లీ స్టార్టయింది రాయి. బండి దిగకముందే రాయి. ఇంటికెళ్లాక రాస్తే మనసు తనకు నచ్చిన కారణాన్ని అందులో కలిపేస్తుంది.

నీకు తెలియకుండానే కొంత రాశావులే. ఉప్పాడ రోడ్డులో వానలో ఆగినప్పుడు వైపర్లు, ఏసీ, హెడ్‌లైట్లు అన్నీ వేసి ఉన్నాయన్నావు. జగన్నాథపురం వంతెన దగ్గర మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఆగినప్పుడూ ఏసీ ఉంది. రాత్రి పిఠాపురం వెళ్లి వచ్చినప్పుడు ఏసీ వేయలేదు, బండి నిక్షేపంగా వచ్చింది. ఆగిన రెండుసార్లూ పది పదిహేను నిమిషాలకు తనంతట తనే స్టార్టయింది. ఇది చదివితే నాకు అనిపించేది ఒకటే: ఎక్కువ కరెంటు లాగినప్పుడు ఏదో అతుకు వేడెక్కి విడిపోతోంది, చల్లారాక మళ్లీ అంటుకుంటోంది. నా అనుమానం కీ స్విచ్ మీద. అది అనుమానమే, తీర్పు కాదు. అనుమానంతో సామాను కొనకూడదు.

నువ్వు రాయని సంగతి కూడా ఉంది. ఆగినప్పుడు డాష్‌బోర్డు మీద చార్జింగ్ దీపం, ఇంజన్ దీపం వెలిగాయా, అవి కూడా చచ్చిపోయాయా? హారన్ కొట్టి చూశావా? దీపాలు ఆరిపోయి హారన్ మోగితే, బ్యాటరీ నుంచి కరెంటు వస్తోంది కానీ కీ దాటి పోవడం లేదని అర్థం. హారన్ కూడా మోగకపోతే బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజు, ఎర్త్ చూడాలి. దీపాలు వెలిగి ఇంజన్ మాత్రం ఆగితే పంపు, కాయిల్, వాటి రిలేల వైపు వెళ్లాలి. కీ ఆన్ చేయగానే వెనక సీటు దగ్గర పంపు రెండు సెకన్లు గుయ్‌మంటుంది. ఆ చప్పుడు వినడం అలవాటు చేసుకో. స్కానర్ పెడితే ఏ కోడూ రాలేదని షెడ్డులో చెప్పారన్నావు. ఇంజన్ కంప్యూటర్‌కే కరెంటు పోతే తన ప్రాణం పోయిందని అది ఎక్కడ రాసుకుంటుంది? కోడు రాకపోవడం కూడా ఒక సాక్ష్యమే.

ఇప్పుడు అసలు చెప్పదలుచుకున్న మాట. దీనికోసమే ఇంత ఉత్తరం.

మీటరులో 12 వోల్టులు చూసి ఆ వైరు బాగుందనుకోకు. ఆటోనగర్‌లో నేను పనికి చేరిన కొత్తలో మా గురువుగారు నా చేతికి మీటరు ఇవ్వలేదు. హోల్డరులో బిగించిన ఒక బల్బు ఇచ్చారు. "మీటరు ఉందా లేదా అంటుంది. బల్బు ఎంత పని చేయగలదో చెబుతుంది" అనేవారు. దాని వెనకున్న లెక్క నాకు చాలా కాలానికి తెలిసింది. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగాఓములు. అది లాగే కరెంటు మైక్రో ఆంపియరు పైచిలుకే. అతుకులో వెయ్యి ఓముల చిలుము అడ్డం పడి ఉన్నా ఆ కాస్త కరెంటు ఇట్టే దాటిపోతుంది, మీటరు 12.6 అని చూపిస్తుంది. అదే అతుకు మీద 55 వాట్ల హెడ్‌లైటు బల్బు పెడితే మినుకు కూడా అనదు. బీప్ పెట్టి చూడటం ఇంకా మోసం. రెండు ఓముల అడ్డు ఉన్నా మీటరు ఆనందంగా కూస్తుంది. నాలుగున్నర ఆంపియర్లు కావాల్సిన బల్బుకు ఆ రెండు ఓములు అడ్డం వస్తే వోల్టేజీ సగానికి అటూఇటూ మాత్రమే మిగులుతుంది. వైరు తెగలేదు, ఫ్యూజు పోలేదు, మీటరు కూసింది, లైటు మాత్రం గుడ్డిగా ఉంది. కొత్తవాళ్లు ఇక్కడే సామాన్లు మార్చడం మొదలుపెడతారు.

కాబట్టి ఎప్పుడూ లోడు వేసి కొలువు. తీసిన వైరును కాదు, పని చేస్తున్న వైరును కొలవాలి. హెడ్‌లైట్లు, బ్లోయరు, వైపర్లు అన్నీ వేసి, మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ పోలు మీద ఆనించు. క్లాంపు మీద కాదు, సీసం పోలు మీదే. రెండో కొనను బాడీ మీద గీకిన చోట పెట్టు. 0.1 వోల్టు లోపు ఉండాలి. తర్వాత ఒకరిని సెల్ఫ్ కొట్టమని, అదే కొనను ఇంజన్ బ్లాకు మీద పెట్టు. సెల్ఫ్ లాగే కరెంటు చాలా ఎక్కువ, 0.2, 0.3 వరకు సరే. అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీ విప్పి, రెండు వైపులా ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాసెలిన్ పూయి. మన సముద్రపు గాలికి రాగి ఊరికే పచ్చబడుతుంది. పైన ఇన్సులేషన్ నిగనిగలాడుతున్నా లోపల తీగ నల్లగా, పెళుసుగా అయిపోయి ఉంటుంది. అలాంటి తీగకు సోల్డరింగ్ పట్టదు. మంచి రాగి కనిపించేదాకా వెనక్కి కోసుకుంటూ పోవాలి.

ఎర్త్ ఎందుకు ముందు అంటావేమో. చెబుతాను విను. గుడివాడ నుంచి ఒక మాస్టారు ప్రీమియర్ పద్మిని తెచ్చారు. ఒక్కోరోజు సెల్ఫ్ దివ్యంగా తిరుగుతుంది, ఒక్కోరోజు మూలుగుతుంది. అప్పటికే ఎవరో సెల్ఫ్ మోటారు, బ్యాటరీ మార్చేశారు. చోక్ కేబులు కూడా బిగుసుకుపోతోందని మార్చారు, కొత్తదీ కొద్దిరోజులకు బిగుసుకుపోయింది. మాస్టారు ఈ రెండూ వేర్వేరు జబ్బులనుకున్నారు. మా గురువుగారు బోనెట్ ఎత్తి, నన్ను సెల్ఫ్ కొట్టమని, చోక్ కేబులు మీద వేలు పెట్టి వెంటనే తీసేశారు. కాలుతోంది. ఇంజన్ దింపి ఎక్కించినప్పుడు ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని రంగు మీదే, అదీ సగం బిగించి వదిలేశారు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరు గుండా కరెంటు పోదు. పట్టీ అంటుకున్న రోజు సరే. అంటుకోని రోజు సెల్ఫ్ లాగిన కరెంటంతా బ్యాటరీకి తిరిగి వెళ్లడానికి చోక్ కేబులు పట్టుకుంది. కేబులు లోపల కాలి బిగుసుకుపోయింది. పట్టీ శుభ్రం చేసి బోల్టు బిగిస్తే రెండు జబ్బులూ ఒకేసారి పోయాయి.

కరెంటు తిరిగి ఇంటికి చేరాల్సిందే, సరైన దారి మూస్తే ఏదో ఒక సందులోంచి దూరుతుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలిగే కార్లు చూశావు కదా. ఆ టెయిల్ ల్యాంపుకు ఎర్త్ లేదు. బ్రేకు కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటోంది. ఒకదానికొకటి సంబంధం లేని రెండు వస్తువులు కలిసి పిచ్చిగా ప్రవర్తిస్తే ముందు నల్ల వైరు వెంట పో. ఒక్క మాట, రంగు మీద పూర్తి నమ్మకం పెట్టుకోకు. పాత కారులో ఎవరి చేతికి ఏ వైరు దొరికితే అది అతికి ఉంటారు. తాతయ్య దగ్గరున్నంత కాలం నీ కారులో అదనపు వైరు ఒక్కటి లేదు. కాకినాడ వచ్చాక మీ నాన్న సెంట్రల్ లాకు, స్టీరియో, రివర్స్ హారన్ పెట్టించారు. బావను తప్పు పట్టడం లేదు, పెట్టినవాళ్లు కీ స్విచ్ వెనక ఎక్కడెక్కడ వైరు గీకి, మెలితిప్పి, టేపు చుట్టారో చూడు. జిగురు కారిన టేపు కనిపించిన ప్రతిచోటా ఫోటో తీసి పంపు.

కీ స్విచ్ పరీక్ష ఇలా చెయ్యి. బ్యాటరీ నుంచి స్విచ్‌లోకి వచ్చే వైరు మీద ఒక కొన, స్విచ్ నుంచి బయటికి వెళ్లే వైరు మీద ఒక కొన. అన్నీ ఆన్ చేసి, ఏసీ వేసి, ఇరవై నిమిషాలు ఇంజన్ ఆడనిచ్చి చూడు. ఒకటి రెండు పదుల మిల్లీవోల్టులు వస్తే స్విచ్ నిర్దోషి. ఒక వోల్టు వస్తే లెక్క వేసుకో: 12 ఆంపియర్లు పోతుంటే 12 వాట్ల వేడి ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పుడుతోంది. మీ ల్యాబ్‌లో 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సీసాన్ని కరిగిస్తుంది, అందులో దాదాపు సగం. కప్లరు చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది. తాళంచెవికి వేలాడదీసిన ఆ బరువైన గుత్తి తీసెయ్యి, కీ ఒక్కటే పెట్టి నడుపు. గుత్తి పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఇంజన్ తడబడిందా, అదీ రాసుకో.

ఇంట్లో ఎంత ఆడించినా ఆగకపోతే రోడ్డు మీద పట్టుకోవాలి. పార్కింగ్ లైట్లలో వాడే 5 వాట్ల బల్బులు రెండు కొను. ఒకటి కీ స్విచ్ దాటిన వైరు నుంచి, ఒకటి పంపు రిలే దాటిన వైరు నుంచి తీసుకుని డాష్‌బోర్డు మీద కనబడేలా అంటించు. రెండింటికీ మొదట్లోనే చిన్న ఫ్యూజు పెట్టు. ఎర్త్ మాత్రం మంచి చోట ఇవ్వు. కారు ఆగిన క్షణంలో ఏ బల్బు ఆరింది? మొదటిది ఆరితే స్విచ్, మొదటిది వెలిగి రెండోది ఆరితే రిలే వైపు. పాత రిలేల్లో లోపలి సోల్డరింగ్ వెంట్రుకంత పగిలి వేడికి విడిపోవడం మామూలే. ఆగిన వెంటనే ఏదీ కదపకు. ఆ పది నిమిషాలూ చాలా విలువైనవి, అప్పుడే మీటరు పెట్టాలి. నువ్వు కంగారుగా బోనెట్ ఎత్తి వైర్లన్నీ ఒకసారి పీకి గుచ్చుతావు, బండి స్టార్టవుతుంది, దేనివల్ల అయిందో తెలీదు. ఈసారి అలా చేయొద్దు. పక్కకు తీసి, పార్కింగ్ లైట్లు వేసి, ముందు చూడు.

నీ మెసేజ్ చివర్లో చిన్నగా రాసిన విషయం చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు పోతే దారిలో రాగి తీగ చుట్టి పెట్టానన్నావు. ఎన్నిసార్లు చెప్పాను? ఫ్యూజు కాపాడేది స్టీరియోను కాదు, వైరును. అది పోకపోతే వైరు కాలుతుంది, ఆ వైరు నీ మోకాళ్ల పైన, డాష్‌బోర్డు వెనక, కార్పెట్ పక్కన ఉంటుంది. ఈ ఉత్తరం చదవడం ఆపి, వెళ్లి ఆ తీగ తీసేసి, అదే రేటింగు ఫ్యూజు పెట్టి రా. ఆకుపచ్చ 30 కూడా వద్దు. మళ్లీ పోతే పోనీ. పోయిన ఫ్యూజు మనకు ఎక్కడ వెతకాలో చెబుతుంది.

రెండో ప్రశ్న, వారం నిలబెడితే బ్యాటరీ దిగిపోవడం గురించి. అది వేరే సంగతి కావచ్చు. అన్నీ ఆపి, తలుపులు మూసి, నెగటివ్ క్లాంపు తీసి, పోలుకూ క్లాంపుకూ మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి చూడు. ఆ టైములో ఎవరూ సెల్ఫ్ కొట్టకూడదు. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే ఫర్వాలేదు. అర ఆంపియరు కనిపిస్తే మీ 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో ఖాళీ. ఒక్కో ఫ్యూజు తీస్తూ పో, ఏది తీస్తే రీడింగు పడిపోయిందో ఆ వైపు వెతుకు. నా పందెం సెంట్రల్ లాకు మీద.

కీ స్విచ్ విప్పాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ తీశాకే విప్పు. రీడింగులు, నోటుబుక్కు పేజీలు ఆదివారంలోగా పంపు. స్విచ్ తేలితే ఇక్కడి నుంచి కొని బస్సులో వేస్తాను, తేలకపోతే కొనను. అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య